నీళ్లు కట్టేయండి

జూలై చివరి బుధవారం పొద్దున తొమ్మిది గంటల యాభై రెండు నిమిషాలకు వనిత వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది.

"ఆరో నంబరు గేటు: నీళ్లు పూర్తిగా కట్టేయండి. డీఈ గారి ఆదేశం."

పది గంటల నాలుగు నిమిషాలకు ఆ గేటు చూసే బుచ్చయ్య దాని కింద బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఆ గ్రూపులో బొటనవేలు అంటే మెసేజ్ అందిందని అర్థం. వనిత రిజిస్టరు తీసి 'అందినది, 10.04' అని రాసింది. ఆ తర్వాత మూడు గంటలు ఆ సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

వనిత సూర్యాపేటలో కాలువల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. మే నెల గాలివానకు ఆఫీసు పైకప్పు రేకులు లేచిపోయాయి. మరమ్మతు అయ్యేదాకా వారంలో మూడు రోజులు ఇంటి నుంచి, మిగతా రోజులు ఆఫీసు నుంచి పని చేయమన్నారు. దాన్ని హైబ్రిడ్ పద్ధతి అన్నారు. "హైబ్రిడ్ అంటే ఇత్తనాలు పంచుతరేమో అనుకున్న" అని బుచ్చయ్య గ్రూపులో వాయిస్ పెడితే అందరూ నవ్వారు. డీఈ శ్రీవాణిది కోదాడ, ఆమె అక్కడి నుంచే పని చేస్తోంది. పనులు చూసే ఇన్‌స్పెక్టరు ప్రవీణ్ ఇల్లు మిర్యాలగూడలో. ఒకే ఆఫీసు మూడు ఊళ్లలో నడుస్తోంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోవాలన్నా గంటకు తక్కువ పట్టదు.

జూన్‌లో ఒక సర్క్యులర్ వచ్చింది. ఫోనులో ఆదేశాలు ఇవ్వరాదు. ప్రతి ఆదేశమూ గ్రూపులో పెట్టాలి. అధికారి చెప్పిన మాటలు మార్చరాదు. ఒక మెసేజ్‌లో ఒక ఆదేశమే ఉండాలి, కారణాలు రాయరాదు. అందినవారు బొటనవేలు పెట్టాలి. పోయిన ఏడాది ఒక గేటు విషయంలో 'నాకు ఫోన్ రాలేదు' అని ఒకరు, 'నేను చేశాను' అని ఒకరు అన్నారు. విచారణ నాలుగు నెలలు సాగింది. ఈ సర్క్యులర్ అందులోంచి పుట్టింది. అమలు చేసే పని వనితకు ఇచ్చారు.

గ్రూపులు రెండు. గేట్ల గ్రూపులో గేట్లు చూసే లష్కర్లు ఉంటారు. పనుల గ్రూపులో ప్రవీణ్ లాంటి ఇన్‌స్పెక్టర్లు, కాంట్రాక్టర్లు ఉంటారు. రెండింట్లోనూ ఉన్నది శ్రీవాణి, వనిత. కూలీలు దేంట్లోనూ లేరు.

ఆ వారం పని రాళ్లవాగు సైఫన్‌లో జరుగుతోంది. మిర్యాలగూడ వైపు, పెద్ద కాలువ మీద ఉన్న ఆరో నంబరు గేటు దగ్గర ఒక చిన్న కాలువ చీలుతుంది. పదకొండు కిలోమీటర్లు వచ్చాక, గరిడేపల్లి మండలంలో, దానికి వాగు అడ్డం వస్తుంది. అక్కడ కాలువ నీళ్లు సిమెంటు సొరంగంలోకి దిగి, వాగు అడుగు నుంచి పోయి, అవతల గట్టున లేస్తాయి. ఆ సొరంగమే సైఫన్. పొడవు అరవై మీటర్లు, ఎత్తు నాలుగడుగులు. మనిషి వంగి నడవాలి. రెండేళ్ల ఒండ్రు అందులో పేరుకుంది. పంటకు నీళ్లు వదిలేలోపు దాన్ని తీయాలి. సోమవారం గేటు మూశారు. మంగళవారం దేవదాసు, మంగయ్య అనే ఇద్దరు పారలతో లోపలికి దిగారు. దేవదాసు భార్య శాంతమ్మ బయట, సైఫన్ నోటి దగ్గర ఉండి ఒండ్రు తట్టలు లాగింది.

బుధవారం పొద్దున సైఫన్‌లోకి చీలమండల లోతు నీళ్లు వచ్చాయి. గేటు సరిగా పడలేదు, అడుగున సందు ఉంది. కాంట్రాక్టరు చెబితే ప్రవీణ్ ఆ సంగతి పనుల గ్రూపులో పెట్టాడు. శ్రీవాణి చూసి వనితకు వాయిస్ పంపింది.

"వనితా, ఆరో నంబరు దగ్గర నీళ్లు పూర్తిగా కట్టేయమను. సైఫన్‌లో మనుషులున్నారు కదా."

వనిత మొదటి వాక్యం టైపు చేసింది. రెండో వాక్యం కారణం. కారణాలు రాయరాదు.

పన్నెండున్నరకు వీడియో మీటింగు మొదలైంది. హైదరాబాదు నుంచి పెద్దసారు మాట్లాడుతున్నాడు. ముప్పై ఎనిమిది మంది వింటున్నారు. వాళ్ల మైకులు అటువైపు నుంచే ఆపేశారు. విషయం, ఆఫీసుల మధ్య సమాచారం పోవడం, రావడం. వనిత ముందు గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆయన చెప్పేది నోట్‌బుక్కులో రాస్తోంది.

ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు అత్త సుక్కమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"అన్నం పెట్టాలెనా?"

"మామను రానీ అత్తమ్మా."

"మీ మామ ఇప్పట్ల రాడు. పెరట్ల బీరపాదులకు నీళ్లు కడుతుండు. పూర్తిగ కట్టినంకనే ఇంట్లకొస్తడట." సుక్కమ్మ ల్యాప్‌టాప్ వైపు చూసి కొంగు సర్దుకుంది. "గా సారు నన్ను సూస్తుండా?"

"లేదు. కెమెరా బందుంది."

సుక్కమ్మ లోపలికి పోయింది. వనిత రాస్తూ ఉంది. ఒక మాట సగంలో పెన్ను ఆగింది.

నీళ్లు కడుతుండు.

ఆమె ఫోను తీసి పొద్దుటి మెసేజ్ చదివింది. మళ్లీ చదివింది. కోదాడలో కొళాయి కట్టేయమంటే ఆపమని. మోటారు కట్టేయమన్నా, ఫ్యాను కట్టేయమన్నా ఆపమనే. సూర్యాపేటలో అయితే బంద్ చెయ్యమంటారు. ఇక్కడ నీళ్లు కట్టడమంటే పొలానికి పారించడం. వనిత శ్రీవాణి గొంతు విని, మనుషులున్నారన్న మాట కూడా విని రాసింది కాబట్టి ఆమెకు ఆపమనే అర్థమైంది. బుచ్చయ్య అవేవీ వినలేదు. బుచ్చయ్యది సూర్యాపేట పక్కనున్న మోతె.

నీళ్లు పూర్తిగా కట్టేయండి.

ఆమె బుచ్చయ్యకు ఫోన్ చేసింది. సర్క్యులర్ వచ్చాక అతనికి ఫోన్ చేయడం అదే మొదలు.

"నమస్తే మేడం. ఏంది ఫోనే జేసిన్రు, సర్క్యులర్ ఖతమైందా?"

"బుచ్చయ్యా, ఆరో నంబరు ఎట్లున్నది?"

"మంచిగున్నది మేడం. మీరు చెప్పినట్టే కట్టిన. ఫుల్లు కట్టిన. పదింబావుకే గేటు మొత్తం లేపిన. రైతులు ఖుషీ. నారుమళ్లు ఎండుతున్నయని రెండు దినాల సంది నా పానం తీస్తుండ్రి. ఇయ్యాల ఒకాయన నాకే చాయ్ తాగిపిచ్చిండు."

వనిత కుర్చీలోంచి లేచింది.

"బంద్ చెయ్యి. ఇప్పుడే బంద్ చెయ్యి."

"అదేంది? కట్టుమన్నది మీరేనాయె."

"సైఫన్ల మనుషులున్నరు బుచ్చయ్యా."

 బుచ్చయ్య పక్కనుంచి మోటారు సైకిల్ ఒకటి పోయిన చప్పుడు వినిపించింది.

"ఎవలు?" అన్నాడు.

"దేవదాసు, మంగయ్య. పైన శాంతమ్మ ఉన్నది."

"మా శాంతమ్మనా?" అతని గొంతు తగ్గింది. "నాకెవ్వలు చెప్పలే బిడ్డా. గ్రూపుల లేదు."

"వేరే గ్రూపుల ఉన్నది."

అప్పటిదాకా మేడం అన్న మనిషి బిడ్డా అన్నాడని వనితకు తర్వాత తట్టింది. అప్పుడు ఆమె గోడ గడియారం చూస్తోంది. ఒకటీ పదకొండు.

"మూసెతందుకు ఇరవై నిమిషాలు పడ్తది" అన్నాడు బుచ్చయ్య. "చక్రం తిప్పుడు. మూసినా, పొయ్యిన నీళ్లు పోతనే ఉంటయి. మూడు గంటల నీళ్లు కాలువల ఉన్నయి."

"ఎప్పటికి చేరుతయి?"

"ఎండిన కాలువ, గడ్డున్నది. గంటకు మూడు కిలోమీటర్లు పోతయి. జర ఎక్కువ గుడ పోవచ్చు."

వనిత నోట్‌బుక్కు అంచున లెక్క వేసింది. గంటకు మూడైతే ఒకటీ యాభై ఐదుకు చేరతాయి. మూడున్నరైతే ఒకటీ ఇరవై నాలుగుకు.

"శాంతమ్మ నంబరున్నదా?"

"ఉండదా, మా ఊరి ఆడబిడ్డ. కాలువల దిగే ముందు ఎప్పుడైనా నాకే ఫోన్ జేసేది, పెద్దనాయనా గేటు బందేనా అని. పోయిన వారం ప్రవీణ్ సారు వద్దన్నడు. లష్కర్లకు సీదా ఫోన్ చెయ్యొద్దు, ఏమున్నా ఆఫీసు గ్రూపులనే అన్నడట. రాసుకో బిడ్డా. నువ్వే చెయ్యి. నాకు రెండు చేతులు చక్రానికే కావాలె."

అంకెలు చెప్పాడు. వనిత రాసుకుని తిరిగి చదివింది. అతను ఫోను ఆపకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. ఇనుము ఇనుము మీద రాసుకునే చప్పుడు వినిపించింది. ఆమె ఆపి, శాంతమ్మకు చేసింది.

రింగు మోగి మోగి ఆగిపోయింది.

ప్రవీణ్‌కు చేసింది. ఎత్తలేదు. అతను మీటింగులో ఉన్నాడు, ల్యాప్‌టాప్ తెర మీద అతని పేరు కనిపిస్తోంది. వనిత మైకు బొమ్మ నొక్కింది. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. 'మీ మైకును నిర్వాహకులు ఆపారు' అని వచ్చింది. పక్కన రాసే పెట్టెలో టైపు చేసింది.

"ఆరో నంబరు గేటు తెరిచారు. రాళ్లవాగు సైఫన్‌లో మనుషులున్నారు. దగ్గరున్న వాళ్లు వెంటనే పోండి."

దాని పైన 'నోటెడ్ సర్' అని పదకొండు మంది రాసినవి ఉన్నాయి. కింద ఇంకో రెండు వచ్చాయి. తర్వాత ఆమె మెసేజ్‌కు ఒక బొటనవేలు పడింది. ఎవరా అని చూసింది. ప్రవీణ్.

మళ్లీ అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు.

శాంతమ్మకు రెండోసారి చేసింది. మోగి ఆగింది. ఒకటీ పదిహేడు. అంతలో ఫోను మోగింది. శ్రీవాణి.

"ఏంటమ్మా నువ్వు రాసింది? తెరవడమేంటి? నేను కట్టేయమన్నాను కదా."

"కట్టిండు మేడం."

"మరి?"

"కట్టిండు మేడం. మా దిక్కు కట్టుడంటే పారిచ్చుడు."

 పెద్దసారు గొంతు శ్రీవాణి ల్యాప్‌టాప్‌లోంచీ, వనిత ల్యాప్‌టాప్‌లోంచీ ఒకేసారి వినిపించింది.

"అయ్యో" అంది శ్రీవాణి. "నేను బయల్దేరుతున్నా. ముప్పావు గంట పడుతుంది. నువ్వు వాళ్లను పట్టుకో. ఎలాగైనా పట్టుకో."

మూడోసారి శాంతమ్మ నంబరు నొక్కింది. ఆరు రింగుల తర్వాత ఎత్తింది.

"ఎవలు?"

"నేను కాలువల ఆఫీసు వనితను. లోపలున్నోళ్లను బయటికి పిలు. నీళ్లొస్తున్నయి."

"పొద్దుగాల్నే వచ్చినయమ్మా, చీలమండల దాంక. గవాట్లనే చేస్తుండ్రు. మీ ఇన్‌స్పెక్టరుకు చెప్పమంటిమి..."

"అవి గాదు. గేటు తెరిసిండ్రు. ఫుల్లు తెరిసిండ్రు."

"ఎవలు తెరుస్తరు? గాడ మా బుచ్చయ్య పెద్దనాయన ఉంటడు. మేం దిగినమని తెల్సినంక ఆయన..."

"ఆయనకు తెల్వదు శాంతమ్మా! ఎవ్వలు చెప్పలే! పిలు వాళ్లను!"

ఫోను దేని మీదనో పడ్డ చప్పుడు. లైను తెగలేదు. అడుగుల చప్పుడు దూరమైంది. తర్వాత శాంతమ్మ కేక.

"ఓ మంగయ్యా! ఓ మంగయ్యో! ఏమయ్యో!"

కేక సొరంగంలోకి పోయి ఉండుండి తిరిగి వచ్చింది. అందులో మాట లేదు, మోత మాత్రమే ఉంది. శాంతమ్మ మళ్లీ అరవలేదు, అడుగులు తిరిగి ఫోను దగ్గరికి వచ్చాయి. వనితకు ఆమె ఊపిరి వినిపించింది, తర్వాత అంకెలు.

"ఒకటి. రెండు. మూడు."

సైఫన్ లోపల మాట అర్థం కాదు. అందుకని వీళ్లు తాడు పెట్టుకున్నారు. ఒక కొస లోపలి మనిషి నడుముకు, ఒక కొస బయటి మనిషి చేతిలో. ఒకసారి గుంజితే తట్ట నిండింది అని. రెండుసార్లు గుంజితే ఉన్నవా అని. మూడుసార్లు గుంజితే ఉన్నది ఉన్నట్టు వదిలి బయటికి రమ్మని. అటువైపు మనిషి అన్నేసార్లు తిరిగి గుంజాలి. అది రాకపోతే విననట్టే లెక్క. ఇదంతా వనితకు తర్వాత తెలిసింది. అప్పుడు ఆమెకు తెలిసింది, శాంతమ్మ లెక్కపెట్టి ఆగిందని. దేనికోసమో చూస్తోందని. అది రాలేదని.

"ఒకటి. రెండు. మూడు."

సుక్కమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవలకేమైంది?" అంది. వనిత చెయ్యి ఎత్తి ఆపింది. ల్యాప్‌టాప్‌లో పెద్దసారు, సందేశం పంపడంతో పని అయిపోదు అంటున్నాడు. వనిత మూత వేసేసింది. గదిలో ఫోను చప్పుడు తప్ప ఏదీ లేకుండా పోయింది.

"కట్టుకోలేదా ఏంది తాడు" అంది శాంతమ్మ, తనలో తాను. "అల్కగొస్తున్నది. నడుముకు కట్టుకోలేదు మా ముసలోడు. ఒకటి. రెండు. మూడు."

ఒకటీ ఇరవై ఆరు.

ఆ తర్వాత ఏమీ లేదు. వనిత ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. కొంగ అరిచిన చప్పుడు. ఎక్కడో ట్రాక్టరు. వెంటనే శాంతమ్మ.

"వచ్చింది! మూడొచ్చినయి! రా, రా, రా!"

ఆమె సొరంగం నోటికి వంగి ఆ ఒక్క మాటే అరుస్తోంది. లోపలి నుంచి మగగొంతు ఏదో అంది. వనితకు అర్థం కాలేదు. శాంతమ్మకు అర్థమైంది.

"వాడేడి మరి? మంగయ్యేడి? వంపు కాడనా? ఎందుకు ఇడిసిపెట్టినవయ్యా! నువ్వు రా! నువ్వు రా ముందుగాల!"

మళ్లీ మగగొంతు, ఈసారి దూరంగా. దేవదాసు బయటికి రావడం లేదు. మంగయ్య కోసం వెనక్కి పోతున్నాడు.

వనిత గడియారం చూడటం మానేసింది. నేల మీద కూర్చుంది. సుక్కమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చేతికి పసుపు అంటి ఉంది. వనిత ఆ పసుపునే చూస్తోంది.

ముందు చప్పుడు వచ్చింది. ఎండుటాకులు గుట్టగా పోసి చాప మీద ఈడ్చినట్టు. వనితకు అది నీళ్లదని తెలియలేదు. ఎండిన కాలువలో నీళ్లు వచ్చేటప్పుడు గడ్డినీ ఆకులనీ ముందు నెట్టుకుంటూ వస్తాయని, నీటి చప్పుడు ఆ వెనక వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. శాంతమ్మకు తెలుసు.

"వచ్చినయి! దేవా! దేవా!"

దేవుణ్ణి పిలిచిందో దేవదాసును పిలిచిందో చెప్పలేం. ఆ తర్వాత ఫోనులో బుడగలు లేచిన చప్పుడు. తర్వాత అదీ లేదు.

ఒకటీ ముప్పై ఎనిమిది. వనిత మళ్లీ చేసింది. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే గొంతు అదే మాట చెప్పింది.

ఒకటీ నలభై ఒకటికి బుచ్చయ్య చేశాడు. ఆయాసపడుతున్నాడు.

"మూసిన బిడ్డా. తాళం గుడ ఏసిన. ఏమైంది?"

"తెల్వదు."

"ఇనవడ్డదా శాంతమ్మకు?"

"ఇన్నది. పిలిచింది. తర్వాత ఫోన్ బందయింది."

"నీళ్లొచ్చినంకనా, రాకముందా?"

వనిత నోట్‌బుక్కు అంచున వేసిన లెక్క వైపు చూసింది.

"సమజైంది" అన్నాడు బుచ్చయ్య. "నేను కాలువ కట్ట పట్టుకొని పోత. బండున్నది." ఆగాడు. "నేను కట్టిన బిడ్డా. నా చేతుల్తోని లేపిన."

"నేను రాసిన" అంది వనిత.

 అతని బండి రెండుసార్లు తన్నాక స్టార్టయింది.

ఒకటీ యాభైకి ప్రవీణ్ చేశాడు. మీటింగు అయిపోయింది.

"మేడం, మిస్డ్ కాల్స్ ఉన్నయి. చాట్ల ఏదో పెట్టిన్రట?"

"నువ్వు బొటనవేలు పెట్టినవ్ గద ప్రవీణ్."

"పెట్టిన. అన్నిటికి పెడుత. చదవలే."

వనిత చెప్పింది. మూడు వాక్యాల్లో చెప్పింది. ప్రవీణ్ "నేను పోతున్న" అని ఫోను ఆపాడు. మిర్యాలగూడ నుంచి అతనూ, కోదాడ నుంచి శ్రీవాణీ, కాలువ కట్ట మీద బుచ్చయ్యా, ముగ్గురూ ఒక చోటికి పోతున్నారు. ఎవరూ చేరలేదు. వనిత పోయినా గంట పడుతుంది, పైగా దారిలో సిగ్నలు ఉండదు. శాంతమ్మకు తెలిసిన ఆఫీసు నంబరు ఇదొక్కటే. అందుకని కదలలేదు. ఛార్జింగు ఇరవై రెండు శాతం ఉంటే సుక్కమ్మతో వైరు తెప్పించుకుని పెట్టుకుంది.

మామ పెరట్లోంచి వచ్చి, ఇద్దరూ నేల మీద ఉండటం చూసి, ఏమీ అడగకుండా గుమ్మంలోనే ఆగాడు. అతని కాళ్ల నుంచి నీళ్లు కారి గడప మీద పడుతున్నాయి. "కాళ్లు తుడుసుకొని రా" అంది సుక్కమ్మ. ఆ గొంతు విని అతను పెరట్లోకే పోయాడు.

రెండూ తొమ్మిదికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఆఫీసమ్మా?"

వనిత ఆ గొంతు గుర్తుపట్టింది. "ఆ."

"శాంతమ్మను. నా ఫోన్ పోయింది. కాలువల సద్దిసంచి మీద పడేసిన, కొట్టుకపోయింది. నీ నంబరు నాకేడ యాదికుంటది? బుచ్చయ్య పెద్దనాయన ఇప్పుడే వచ్చి చెప్పిండు. గీ ట్రాక్టరాయన ఫోన్ నుంచి చేస్తున్న."

"వాళ్లు?"

"ఉన్నరు."

"ఇద్దరా?"

"ఇద్దరే గద దిగింది."

"ఒకసారి వాళ్లకియ్యి. ఇద్దరికియ్యి."

ఫోను చేతులు మారింది. "దేవదాసును అమ్మా" అన్నాడు ఒక మనిషి. ఇంకేమీ అనకుండా ఇంకొకరికి ఇచ్చాడు. ముందు దగ్గు వినిపించింది. చాలాసేపు దగ్గి, "మంగయ్యను" అన్నాడు. "నా చెప్పులు పోయినయి మేడం. బుచ్చయ్య చెప్పిన మీ హైబ్రిడ్ల చెప్పులిస్తరా?"

వనిత నవ్వలేదు. ఫోను సుక్కమ్మ చేతిలో పెట్టి బాత్‌రూములోకి పోయి వాంతి చేసుకుంది. వచ్చేసరికి సుక్కమ్మ, శాంతమ్మ మాట్లాడుకుంటున్నారు.

జరిగింది తర్వాత ముక్కలుగా తెలిసింది. వంపు దగ్గర తాడు పొట్టిగా వస్తోందని దేవదాసు నడుము నుంచి విప్పి తట్టకు కట్టాడు. మొదటి రెండుసార్లు గుంజినప్పుడు తట్ట కదిలింది, అతను అటు చూడలేదు. మూడోసారి తట్ట అతని మడమకు తగిలింది. మంగయ్య పది గజాల ముందు ఒండ్రులో మోకాళ్ల మీద ఉన్నాడు. ఇద్దరూ నోటి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నడుము దాకా ఉన్నాయి. శాంతమ్మ గట్టున గేదెలను కట్టే రాయికి తాడు చుట్టి పట్టుకుంది, ఆ తాడు పట్టుకునే ఇద్దరూ గట్టెక్కారు. పారలు పోయాయి. తట్ట పోయింది. శాంతమ్మ రెండు అరచేతుల తోలు లేచింది.

గురువారం విచారణకు మనిషి వచ్చాడు. మాట తనదేనని శ్రీవాణి రాసిచ్చింది. "చిన్నప్పటి నుంచి కుళాయి కట్టేయ్ అంటూనే ఉన్నా వనితా" అంది ఫోనులో. "నిన్న సాయంత్రం మా అమ్మాయి ఫ్యాన్ కట్టేయనా అని అడిగితే ఒళ్లు జలదరించింది." శుక్రవారం కొత్త సర్క్యులర్ వచ్చింది. ఆదేశాలలో 'కట్టు' అనే మాట వాడరాదు. 'మూయండి', 'తెరవండి' అనే మాటలే వాడాలి. వనిత దాన్ని రెండు గ్రూపుల్లోనూ పెట్టింది. పావుగంటలో నలభై మూడు బొటనవేళ్లు వచ్చాయి. అందులో ప్రవీణ్‌ది మొదటిది, బుచ్చయ్యది ఏడోది.

ఆమె నలభై మూడింటినీ చూసింది. రిజిస్టరులో ఏమీ రాయలేదు.

పని మంగళవారం మళ్లీ మొదలైంది. ఆ రోజు వనితకు ఇంటి నుంచి పని. ఎనిమిదిన్నరకు 'ఆరో నంబరు గేటు మూసి ఉంచండి' అని గ్రూపులో పెట్టింది. వెంటనే ఫోన్ చేసింది.

"బుచ్చయ్యా, ఎట్లున్నది?"

"బందున్నది. తాళమేసిన. తాళంచెవి నా మొలతాడుకున్నది. ఇప్పుడు నువ్వు చెప్పు బిడ్డా."

"నేనేం చెప్పాలె?"

"నేనేమన్ననో అది."

"బందున్నది. తాళమేసినవ్."

"ఆ. గది."

తర్వాత శాంతమ్మ కొత్త ఫోనుకు చేసింది. ఎత్తలేదు. ఐదు నిమిషాలాగి చేసింది. ఎత్తలేదు. పెరట్లో మామ బీరపాదులకు నీళ్లు వదిలాడు. గొట్టంలోంచి నీళ్లు ఎండుటాకుల మీద పడుతున్నాయి. వనిత కిటికీ దగ్గరికి పోయింది.

"మామా, జర అది బంద్ చెయ్యి."

"ఇప్పుడే ఇడిస్తి గదనే."

"బంద్ చెయ్యి మామా."

అతను ఆపాడు. మూడోసారి శాంతమ్మ ఎత్తింది.

"ఏందమ్మా, పనిల ఉన్నం."

"లోపలికి దిగిండ్రా?"

"దిగిండ్రు. గేటు బందేనని పెద్దనాయనను అడిగినంకనే దింపిన."

"ఒకసారి తాడు గుంజు. రెండు."

"మళ్లానా? ఇప్పుడే గుంజితి. గాయన లోపట తిడుతుండు, ఊకె ఊకె గుంజుతవేందే, నేనేమన్న ఎద్దునా అని."

"ఒక్కసారి శాంతమ్మా."

శాంతమ్మ నిట్టూర్చింది. ఫోను కింద పెట్టిన చప్పుడు. "ఒకటి. రెండు." ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.  కొంగ లేదు, ట్రాక్టరు లేదు. సుక్కమ్మ వంటింట్లో గిన్నె కడుగుతున్నదల్లా ఆపింది.

"వచ్చింది" అంది శాంతమ్మ.

"ఎన్ని?"

"రెండు గుంజిన. రెండే వచ్చినయి. ఇగ ఫోన్ పెట్టు."

వనిత పెట్టలేదు.